మిరపలో పై ముడత, పూత రాలుడు: కొట్టులో ఇచ్చిన నాలుగు మందుల్లో ఏది ఏం చేస్తుంది?

ప్రత్తిపాడు_మిర్చి | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది ప్రత్తిపాడు దగ్గర. మూడెకరాల మిర్చి, తేజ రకం. నాన్నకి ఒంట్లో బాగోక ఈ ఏడు చేను నేనే చూస్తున్నా. ఉద్యోగం విజయవాడలో, శని ఆదివారాలే ఊళ్లో ఉంటా. చేను పూత మీద ఉంది. చివరి ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి, పూత కింద రాలి కనిపిస్తోంది. కొట్టుకెళ్లి చెబితే నాలుగు ఇచ్చారు: ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ప్రొఫెనోఫాస్ సైపర్‌మెత్రిన్ కలిపిన డబ్బా, ఇంకొకటి పేరు తప్ప ఏమీ రాయని తెల్ల సీసా. "బయో అండీ, బాగా పనిచేస్తది" అన్నారు. నాలుగూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టమన్నారు.

పురుగుమందంటే పురుగుని చంపేదే కదా, మరి నాలుగెందుకు? దేని పని ఏంటో ఎవరైనా విడమరిచి చెప్పండి. రేపు పొద్దున్నే మనుషులు వస్తారు కొట్టడానికి.

పెదనందిపాడు_పెద్దాయన | శనివారం రాత్రి 8:58

బాబూ, మనుషుల్ని ఒక్క పూట ఆపు. మందు సంగతి తర్వాత, ముందు చేలో ఉన్నది ఏందో చూశావా? పొద్దున మంచు ఆరినాక ఒక తెల్ల కాగితం తీసుకుపో. విచ్చిన పూవు కింద పెట్టి గోటితో రెండు సార్లు తట్టు. కాగితం మీద ఏం పడిందో, ఏ రంగో, నడుస్తుందో పరిగెత్తుతుందో రాయి. ఆకు కింద వైపు కూడా చూడు. గట్టు పక్కనొకచోట, చేను మధ్యలో రెండు మూడు చోట్ల చూడు. ఒక్క మొక్క చూసి చెప్పమాక.

కొట్టు_బాబాయ్ | శనివారం రాత్రి 9:15

నేను మందుల కొట్టు నడుపుతా, ఏ ఊరో వద్దులే. మా వాళ్ల మీద పడేముందు ఒక మాట. రైతు కొట్టు ముందు బండి దిగకుండానే "ముడతకి ఏదో ఒకటి ఇవ్వు, అన్నీ కలిపి ఇవ్వు, రేపటికి చావాలి" అంటాడు. ఒక్క సీసా ఇస్తే పక్క కొట్టుకి పోతాడు. అరువు మీద పోయే సరుకు కాబట్టి ఏది ఎక్కువ మిగుల్తుందో అదే ముందు పెట్టేవాళ్లూ ఉన్నారు, కాదనను. మిర్చి యార్డులో అమ్మినాక కదా డబ్బులు వచ్చేది. అందాకా ఇచ్చింది తీసుకోవాల్సిందేనని రైతు కూడా గట్టిగా అడగడు.

ఆ తెల్ల సీసా మాత్రం వాడొద్దు. ఎరువో పురుగుమందో రాయకుండా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకుండా ఉన్నదాన్ని నేనైతే కొట్టు గడప తొక్కనివ్వను. బయో పేరుతో రసాయన మందు కలిపి అమ్మి పట్టుబడినవాళ్లున్నారు.

ప్రత్తిపాడు_మిర్చి | ఆదివారం ఉదయం 9:20

కాగితం పట్టి చూశాను. పూవులోంచి సన్నగా, నల్లగా, చీలిక గీతల్లాంటివి పడ్డాయి. చకచకా పరిగెత్తాయి. కొన్ని లేత పసుపు రంగువి ఇంకా చిన్నగా ఉన్నాయి. దాదాపు చూసిన ప్రతి పూవులోనూ ఉన్నాయి. ఆకుల మీద తక్కువే. కాలవ గట్టు వైపు మొక్కలు మాత్రం వేరేగా ఉన్నాయి. అక్కడ ఆకులు కిందికి ముడుచుకున్నాయి, కాడలు సాగినట్టు పొడుగ్గా ఉన్నాయి. పురుగేమీ కనపళ్లేదు.

పురుగుల_పిల్ల | ఆదివారం ఉదయం 10:05

బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటక శాస్త్రంలో పీజీ చేస్తున్నా. పెద్దాయన గారు కాగితం అడగడంతో సగం పని అయిపోయింది.

పూవులో ఉన్నవి నల్ల తామర పురుగులు. మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట కనిపించింది. 2021లో మన మిరప మీద పడి ఏం చేసిందో ఇక్కడున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. నల్లగా ఉన్నవి ఆడవి, పసుపు రంగువి మగవి, పిల్లలు. పాత తామర పురుగు లేత ఆకుల్లో ఎక్కువ ఉండేది, ఇది పూవులోనే కాపురం పెడుతుంది. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి. మీ గట్టు పక్కన ఉన్నది నల్లి. కంటికి ఆనదు, భూతద్దం కావాలి. ఎనిమిది కాళ్ల జీవి, అసలు కీటకమే కాదు. అంటే ఒకే చేలో మీకు రెండు వేరు వేరు రోగాలున్నాయి, మందులు కూడా వేరు.

ఇప్పుడు మీ సీసాలు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ అంతర్వాహిక మందులు. మొక్క లోపలికి ఇంకి, నీటితో పాటు పైకి ఎక్కి ఆకుల్లో చేరతాయి. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ సూది లాంటి నోరు ఆకులోకి దించి రసం తాగుతాయి కాబట్టి ఆ రసంతో పాటే విషం లోపలికి పోతుంది. మందు పడని మడతలో దాక్కున్నా తప్పించుకోలేవు. తామర పురుగు తీరు వేరు. అది పైపొరను గీకి, కారిన తడిని పీలుస్తుంది. పైగా మొక్కలో నీళ్లు ఎక్కువగా పోయేది ఆవిరి పోయే ఆకుల వైపు. పూరేకులకి చేరే మందు చాలా తక్కువ. మీ పురుగేమో పూవులో ఉంది. ఆ రెండు మందులు మంచివే, కాకపోతే పురుగు లేని చోటికి పోతున్నాయి.

ఇంకో సంగతి, ఆ రెండూ ఒకే వర్గం. ప్రపంచమంతా వాడే వర్గీకరణలో రెండిటి అంకె 4ఎ. పురుగు నరాల్లో రెండూ పట్టుకునేది ఒకే చోటుని. అదే అల్లుడు చొక్కా మార్చుకుని వచ్చినట్టు. ఒకదానికి లొంగని పురుగు రెండోదానికీ లొంగదు. కలిపి కొడితే డబుల్ డోసు ఖర్చు, అంతే.

మూడో డబ్బాలో ప్రొఫెనోఫాస్ ఆర్గానోఫాస్ఫేటు, సైపర్‌మెత్రిన్ సింథటిక్ పైరిథ్రాయిడ్. ఇవి ప్రధానంగా తగిలితే, తింటే చంపేవి. మొక్క అంతా పాకవు. పూవు మూసుకున్న చోట దూరిన పురుగుకి తగలదు. బయట తిరిగే అక్షింతల పురుగులు, సాలీళ్లు, నల్లిని తినే మంచి నల్లులు మాత్రం వరసగా చస్తాయి. ఆ తర్వాత తామర పురుగు, నల్లి రెండూ అడ్డు లేకుండా పెరుగుతాయి. పైరిథ్రాయిడ్ కొట్టిన పది పదిహేను రోజులకి నల్లి విపరీతమైందని రైతులు చెప్పేది ఇందుకే.

పెదనందిపాడు_పెద్దాయన | ఆదివారం ఉదయం 10:40

ఆ పాప చెప్పింది మేము పత్తిలో కళ్లారా చూశాం. పైరిథ్రాయిడ్లు కొత్తగా వచ్చినప్పుడు సాయంత్రం కొడితే తెల్లారేసరికి కింద పురుగులు రాలి ఉండేవి. ఇంకేముంది, వారం వారం అదే. తర్వాత తెల్లదోమ లేచింది. 1987-88లో శనగపచ్చ పురుగు ఏ మందుకీ చావలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న సంవత్సరం అది. అప్పుడు కూడా కలిపి కొట్టటమే, డోసు పెంచటమే. పురుగు బతికి మనిషి పోయాడు.

తెనాలి_వరి | ఆదివారం ఉదయం 11:12

మా వరిలో కూడా ఇదే కథ పెద్దాయనా. దోమపోటు (సుడిదోమ రసం పీల్చి పైరు ఎండిపోవడం) వచ్చినప్పుడు సైపర్‌మెత్రిన్ కొడితే దోమ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. దోమ ఉండేది దుబ్బు మొదట్లో, మనవాళ్లు కొట్టేది ఆకుల మీద. పాయలు తీసి మొదళ్లకి తగిలేలా కొట్టాలి. అందుకే నాట్లప్పుడే రెండు మీటర్లకొక కాలిబాట వదలమంటారు. ఎవరు వదులుతున్నారు, భూమి వేస్టంట!

పైమెట్రోజిన్ కొట్టి పొద్దున్నే చూసి "దోమ ఇంకా కదులుతోంది, మందు నకిలీ" అని కొట్టు మీదికి పోయినవాళ్లు కూడా ఉన్నారు మా ఊళ్లో. ఆ మందు దోమని వెంటనే చంపదు. నోరు దించకుండా చేస్తుంది. కదులుతుంది కానీ తాగదు, ఆకలికి చస్తుంది. చేను కాలిపోవడం ఆగిందా లేదా చూడాలి గానీ శవాలు లెక్కపెడితే ఎట్టా?

కొట్టు_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఈ ముక్క తెనాలి తమ్ముడు బాగా చెప్పాడు. మా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇవే. నొవాల్యురాన్, లుఫెన్యురాన్ లాంటివి లద్దె పురుగు మీద కొడతారు. అవి పురుగు కుబుసం విడవకుండా ఆపుతాయి. పురుగు చిన్నదైతే మూడు నాలుగు రోజుల్లో తోలు విడవలేక నల్లబడి చస్తుంది. చూపుడు వేలంత పెరిగిన పురుగు మీద కొడితే దానికి నవ్వొస్తుంది. క్లోరాంట్రానిలిప్రోల్ వేరు. పురుగు కండరాలు బిగుసుకుపోయి కొద్ది గంటల్లోనే తినడం ఆపేస్తుంది, చచ్చేది మాత్రం తర్వాత. ఎమామెక్టిన్ ఆకు పైన పడితే లోపలి పొరలోకి ఇంకుతుంది, ఆకు కొరికిన పురుగు పక్షవాతం వచ్చినట్టు పడిపోతుంది. మోనోక్రోటోఫాస్ రోజులకి అలవాటుపడిన రైతుకి ఇవేవీ నచ్చవు. వాసన రాలేదు, మందు పలచన అంటాడు!

మిద్దెతోట_సత్యనారాయణపురం | ఆదివారం మధ్యాహ్నం 2:05

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. విజయవాడలో మేడ మీద కుండీల్లో చిక్కుడు, వంగ, గోంగూర పెంచుతున్నా. చిక్కుడు కొసలకి నల్ల పేనుబంక, మందారానికి పిండినల్లి. మా వారు ఇమిడాక్లోప్రిడ్ తెచ్చారు, మట్టిలో పోస్తే చాలంటగా? పైన కొట్టకపోతే కాయ మీద పడదు కదా, కడిగే పని కూడా ఉండదు అంటున్నారు.

పురుగుల_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 2:40

వద్దు మేడం, దయచేసి ఆ చిక్కుడుకి, గోంగూరకి పోయొద్దు. మట్టిలో పోసిన అంతర్వాహిక మందు వేళ్ల నుంచి ఆకులోకే వస్తుంది. అదే దాని పని. గోంగూరలో మనం తినేదే ఆకు. కడిగితే పోయేది పైన ఉన్న మందు, లోపల ఉన్నది కాదు. కుండీలో మట్టి కొంచెమే కాబట్టి మందు చిక్కగా ఉంటుంది కూడా.

పేనుబంకకి ముందు నీళ్ల పైపు గట్టిగా పట్టండి, కొసల మీద. చాలావరకు రాలిపోతుంది. మిగిలిన దానికి వేప నూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొంచెం సబ్బు నీళ్లు. సాయంత్రం కొట్టండి, ఆకు కింద వైపు తడవాలి. చీమలు పైకెక్కుతుంటే వాటిని ఆపండి, పేనుబంకని అవే కాపలా కాస్తాయి. పిండినల్లి ఒంటి మీద మైనం ఉంటుంది కాబట్టి ఊరికే మందు చల్లితే జారిపోతుంది. కొద్దిగానే ఉంటే సబ్బు నీళ్లలో ముంచిన దూదితో తుడిచేయడం అన్నిటికంటే మేలు.

ఆవు_వేప | ఆదివారం సాయంత్రం 4:10

కొల్లిపర మండలం, ప్రకృతి వ్యవసాయం. ఈ చర్చ అంతా చదివాక కూడా విషాలే మాట్లాడుతున్నారు. వేప గింజల కషాయం ఏమైంది? 5 కిలోల వేప పప్పు పొడి, రాత్రంతా నానబెట్టి వడకట్టి 100 లీటర్లు చేస్తే ఎకరానికి సరిపడా వస్తుంది. మా పసుపులో, కూరగాయల్లో రసాయనం లేకుండా బండి నడుస్తోంది.

పెదనందిపాడు_పెద్దాయన | ఆదివారం సాయంత్రం 4:32

నడుస్తుంది నాయనా, కాదన్నామా? పురుగు పడకముందు, పడ్డ మొదట్లో నడుస్తుంది. ప్రతి పూవులో గుంపులు కాపురం ఉన్నాక ఒక్క కషాయంతో ఆపిన చేను నాకు చూపించు, నీ వెనకాలే కొల్లిపర వస్తా.

పురుగుల_పిల్ల | ఆదివారం సాయంత్రం 5:00

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుని అప్పటికప్పుడు చంపదు. తిండి సహించకుండా చేస్తుంది, ఎదుగుదల చెడగొడుతుంది, గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. తక్కువగా ఉన్నప్పుడు బాగా ఆపుతుంది. ఎండకి త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. జీవ సంబంధ మందులన్నిటికీ ఒక్కో షరతు ఉంది. బీటీ పొడి, అంటే బాక్టీరియాతో చేసిన మందు, పురుగు తింటేనే పనిచేస్తుంది, కాబట్టి రసం పీల్చేవాటికి దండగ. శనగపచ్చ పురుగు మీద కొట్టే ఎన్‌పీవీ వైరస్ పని చూడాలంటే వారం తర్వాత చేలోకి వెళ్లండి. పురుగులు కొమ్మ చివరికెక్కి తల కిందులుగా వేలాడి, లోపల నీరైపోయి ఉంటాయి. తాకితే తోలు చిట్లుతుంది. అసలు బయో మందు అంటే ఇదీ, లేబులు లేని తెల్ల సీసా కాదు.

ప్రత్తిపాడు_మిర్చి | ఆదివారం సాయంత్రం 5:20

మరి నేనిప్పుడేం కొట్టాలి? మనుషుల్ని పంపేశాను, రేపు నేను లేను, నాన్న దగ్గరుండి చూస్తారు.

పురుగుల_పిల్ల | ఆదివారం సాయంత్రం 6:15

పూవులోని తామర పురుగుకి మిరప మీద సిఫారసు ఉన్న మందుల్లో స్పైనటోరామ్, స్పైనోసాడ్ ఒక వర్గం. ఫిప్రోనిల్ ఇంకొకటి, సయాంట్రానిలిప్రోల్ వేరే వర్గం. ఇంకా కొత్తవి బ్రోఫ్లానిలైడ్, ఫ్లక్సామెటమైడ్. వీటిలో ఒక్కటి తీసుకోండి, ఒక్కటే కొట్టండి. డోసు లేబులు మీద ఉన్నదే. నల్లి ఉన్న గట్టు వైపు మాత్రమే విడిగా స్పైరోమెసిఫెన్ గానీ డయాఫెన్‌థయురాన్ గానీ. మూడెకరాలకీ నల్లిమందు అక్కర్లేదు.

ఒక్కసారి కొట్టగానే అయిపోదు, ముందే చెబుతున్నా. తామర పురుగు గుడ్లు ఆకు, పూవు కండలో దిగి ఉంటాయి, మందు తగలదు. కోశస్థ దశ (పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే దశ) మొక్క కింద మట్టిలో, రాలిన ఆకుల్లో గడుస్తుంది, అక్కడికీ తగలదు. ఈ రోజు చచ్చేవి ఈ రోజు పూవులో ఉన్నవే. మట్టిలోంచి లేచేవి వారంలో పైకొస్తాయి. అప్పుడు మందు పనిచేయలేదని అదే మళ్లీ కొడతారు, అక్కడే నిరోధం, అంటే పురుగు ఆ మందుని తట్టుకోవడం, మొదలవుతుంది. వారానికి మళ్లీ కాగితం పట్టండి, అవసరమైతే రెండోసారి వేరే వర్గం. మధ్యలో వేప నూనె. నీలం రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తున కట్టండి. తామర పురుగుకి నీలం, తెల్లదోమకి పసుపు. గుంటూరు దగ్గర లాం ఫారం (వ్యవసాయ పరిశోధన స్థానం) దాకా వెళ్లగలిగితే నాలుగు పూలు కవర్లో వేసుకెళ్లి చూపించండి, ఇంకా మంచిది.

కొట్టు_బాబాయ్ | ఆదివారం సాయంత్రం 6:50

కొట్టేటప్పటి సంగతులు నేను చెబుతా. సాయంత్రం నాలుగు దాటాక. తేనెటీగలు పొద్దున పూవు మీదుంటాయి, వాటినీ బతకనివ్వాలి. తైవాన్ పంపుతో (ఇంజను స్ప్రేయరు) పరిగెత్తుతూ పోతే పైన తడుస్తుంది, పూవు లోపల తడవదు. నాజిల్ సన్నం చేసి నెమ్మదిగా నడవమను. ఎప్పుడైనా రెండు కలపాల్సి వస్తే పొడి మందు ముందు నీళ్లలో కరగాలి, తర్వాత ఎస్‌సీ (నీళ్లలో తేలే చిక్కటి ద్రవం), ఈసీ (నూనె లాంటి ద్రవం) మందు ఆఖరున. తల్లకిందులు చేస్తే డ్రమ్ములో పెరుగు విరిగినట్టు గడ్డలు కట్టి నాజిల్ పట్టేస్తుంది. నీళ్లు బోరువా కాలవవా? బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే కాలవ నీళ్లు తెచ్చుకోండి, కొన్ని మందులు ఆ నీళ్లలోనే సగం చస్తాయి.

డబ్బా మీద రంగు త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగొచ్చని కాదు, మాస్కు, చేతి తొడుగులు దానికీ కావాలి. కొట్టేవాడికి కళ్లు తిరిగి, చొంగ కారి, కంటిపాప సన్నబడితే ఆసుపత్రికి ఆ డబ్బాతో సహా తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేటుకి విరుగుడు ఉంది, అట్రోపిన్. ఏ మందో తెలియకపోతే డాక్టరు ఏం చేస్తాడు?

యార్డు_కమీషన్ | ఆదివారం రాత్రి 8:05

మిర్చి యార్డు నుంచి ఒక్క ముక్క. ఎగుమతి చేసేవాళ్లు ఇప్పుడు రంగు, ఘాటు చూసి ఊరుకోవట్లేదు, శాంపిల్ తీసి మందు అవశేషాలు ఎంత ఉన్నాయో పరీక్షకి పంపుతున్నారు. కాయ ఎండితే నీరు పోతుంది, మందు అంతా పోదు. పది కేజీల పచ్చికాయలో ఉన్నది రెండు మూడు కేజీల ఎండుకాయలోకి చేరుతుందనుకోండి. లేబులు మీద కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో రాసి ఉంటుంది. మనవాళ్లు కోత కూలీలు రేపు వస్తారనగా ఇవాళ కొడతారు. ఏం కొట్టారో తేదీలతో ఒక పుస్తకంలో రాసుకున్న రైతు సరుకు అడిగి మరీ కొనే పార్టీలున్నాయి.

మిద్దెతోట_సత్యనారాయణపురం | గురువారం ఉదయం 7:30

నీళ్ల పైపుతోనే చిక్కుడు తేరుకుంది! మందారానికి దూదితో తుడవడం మా వారికి అప్పజెప్పాను, సీసా తెచ్చింది ఆయనే కాబట్టి.

ప్రత్తిపాడు_మిర్చి | ఆదివారం మధ్యాహ్నం 1:15

సోమవారం సాయంత్రం స్పైనటోరామ్ ఒక్కటే కొట్టించాం. గట్టు వైపు స్పైరోమెసిఫెన్ కొట్టాం. నీలం అట్టలు కట్టాం. ఈ రోజు కాగితం పట్టాను. పూలలో బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, అక్కడక్కడ ఒకటి రెండు పడుతున్నాయి. కొత్త చివుళ్లు సాఫీగా వస్తున్నాయి. ముడిచిన పాత ఆకులు అలాగే ఉన్నాయి. ఇంకా కొట్టాలా?

పురుగుల_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 1:50

ముడిచిన ఆకు మళ్లీ విచ్చుకోదు, దాన్ని చూసి మందు కొట్టొద్దు. కొత్త చివురు చూడండి, పూవు చూడండి. ఒకటి రెండే పడుతుంటే ఇప్పుడు వేప నూనె చాలు. నాలుగైదు రోజుల్లో మళ్లీ కాగితం. పెరిగితే ఈసారి ఫిప్రోనిల్ లేదా వేరే వర్గం, స్పైనటోరామ్ మాత్రం వెంటనే మళ్లీ వద్దు.

ప్రత్తిపాడు_మిర్చి | ఆదివారం మధ్యాహ్నం 2:10

సరేనండి, చాలా థాంక్స్. అన్నట్టు మొదట తెచ్చిన సీసాలు సీలు విప్పలేదుగా, కొట్టుకి తీసుకెళ్లాను. మూడూ తిరిగి తీసుకుని ఖాతాలో తగ్గించారు. ఆ బయో సీసా మాత్రం తీసుకోనన్నారు.

కొట్టు_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 2:25

ఎట్టా తీసుకుంటాడు తమ్ముడూ, దానికి బిల్లే ఇచ్చి ఉండడు. చూసుకో.